స్టడీ విప్పాలంటే ముందు నల్లవైపు కూర్చోండి

చెస్‌లో ఎండ్‌గేమ్ స్టడీ అంటే ఎవరో ఆడిన ఆట ముగింపు కాదు, పనిగట్టుకుని కూర్చిన పొజిషన్. ‘తెల్ల ఆడి గెలవాలి’ లేదా ‘తెల్ల ఆడి డ్రా చేయాలి’, అంతే. ఎన్ని ఎత్తుల్లో అనే షరతు ఉండదు. అసలు లైనులో, అంటే ప్రధాన ఎత్తుల వరుసలో, తెల్లకి దారి మాత్రం ఒక్కటే ఉండాలి. రెండు ఎత్తులూ పనిచేస్తున్నాయని అనిపిస్తే నల్ల జవాబు ఒకటి మీ కంట పడలేదన్నమాట.

నిజం బోర్డు మీదే పేర్చండి. సాయంత్రం ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చునే అలవాటుంటే అయస్కాంతం బోర్డు మేలు, ఆ గాలికి ప్లాస్టిక్ బంట్లు నిలవవు. పేర్చాక మొదటి ఇరవై నిమిషాలు పావు ముట్టుకోకండి.

ఇది పేర్చండి (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస). తెల్ల: రాజు బీ6, బంటు సీ6. నల్ల: రాజు ఏ1, ఏనుగు డీ5. తెల్ల ఆడి గెలవాలి.

మొదటి ఎత్తు సీ7 అని ఎవరికైనా తోస్తుంది. నల్ల డీ6లో చెక్ ఇస్తుంది. ఇప్పుడు రాజు ఎటు? జవాబు వెతకొద్దు, ఒక్కో గడి ఎందుకు చెడుతుందో రాసుకోండి. ఏ7కో బీ7కో వెళితే ఏనుగు డీ7కి వచ్చి బంటును కట్టేస్తుంది, అది కదిలితే రాజుకి చెక్. సీ5కి వెళితే ఏనుగు డీ1కి దిగుతుంది. బంటు మంత్రి కాగానే సీ1లో చెక్, రాజు తప్పుకుంటే వెనకున్న మంత్రి పోతుంది. ఏ5కి వెళితే ఏనుగు సీ6కి వచ్చి బంటును తినేస్తుంది. మిగిలింది బీ5.

సీ5 ఎందుకు చెడిందో తెలిస్తే తర్వాతి ఎత్తులు వాటంతటవే వస్తాయి: ఏనుగుకి డీ1 అందినంతకాలం రాజు సీ5లోనో సీ4లోనో అడుగు పెట్టకూడదు. అందుకే ఏనుగు డీ5 చెక్, రాజు బీ4, ఏనుగు డీ4 చెక్, రాజు బీ3, ఏనుగు డీ3 చెక్. ఇప్పుడు రాజు సీ2. డీ1 రాజు కాపలాలోకి వచ్చింది, డీ3 ఏనుగు మీద దెబ్బ కూడా పడింది.

చాలామంది ఇక్కడే ‘అయిపోయింది’ అని బోర్డు మూసేస్తారు. నల్లకి ఇంకో ఎత్తుంది: ఏనుగు డీ4. మంత్రిని చేస్తే సీ4లో చెక్. మంత్రితో ఏనుగును తింటే నల్ల రాజుకి కదిలే గడి ఉండదు, స్టేల్‌మేట్, అంటే డ్రా. కాబట్టి సీ8లో మంత్రిని కాదు, ఏనుగును చేయాలి. ఏ8లో మేట్ బెదిరింపు. నల్ల ఏనుగు ఏ4కి రాక తప్పదు. తెల్ల రాజు బీ3: ఏనుగు మీద దాడి, సీ1లో మేట్, రెండూ ఒకేసారి.

1895లో గ్లాస్గో పత్రికలో ఈ ఆలోచన డ్రా స్టడీగానే అచ్చయింది. సావెద్రా అనే పాద్రి ఆ ఏనుగు ఎత్తు పట్టుకున్నాడు. పొజిషన్ ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఇంజన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరవడం ఎప్పుడంటే, మీ లైను కాగితం మీద ముగిశాకే. నాలుగు పావుల పొజిషన్‌కి టేబుల్‌బేస్ (కొద్ది పావుల పొజిషన్ల ఫలితాలన్నీ ముందే లెక్కించి పెట్టిన పట్టిక) క్షణంలో జవాబిస్తుంది, కానీ సీ5 ఎందుకు కాదో మాటల్లో చెప్పదు. తేడా వస్తే మీ నోటులో ఏ నల్ల జవాబు తప్పిందో చూసి, ఆ గడి దగ్గర గుర్తు పెట్టుకోండి.