పాత శతఘ్ని నేటి యుద్ధానికి పనికొస్తుందా? అంచనా వేసే పద్ధతి

2025 మే నెలలో పశ్చిమ సరిహద్దు మీదికి డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు వాటిని కూల్చిన ఆయుధాలలో 1960ల నాటి ఎల్-70 విమాన విధ్వంసక గన్నులు కూడా ఉన్నాయని చదివి, తిరుపతిలో పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న కొందరు విద్యార్థులు నన్ను ఒక ప్రశ్న అడిగారు: అయితే పాతదే మేలనుకోవాలా? వయసును బట్టి శతఘ్నికి విలువ కట్టడం మొదటి పొరపాటు. గుండును విసిరే ఉక్కు గొట్టం ఈ అరవై ఏళ్లలో పెద్దగా మారలేదు. మారిందల్లా దాని చుట్టూ ఉన్న సరంజామా. కాబట్టి పరిశీలనను గొట్టంతో మొదలుపెట్టినా, అక్కడే ఆపకూడదు.

ముందుగా ఒక పటాన్నీ వృత్తలేఖినినీ తీసుకుని, తిరుపతి కేంద్రంగా వృత్తాలు గీయండి. 1943 నాటి సోవియట్ డి-1 హవిట్జర్ (గుండును ఎత్తుగా విసిరే రకం శతఘ్ని) గుండు 12.4 కి.మీ. పోతుంది, అంటే ఇంచుమించు చంద్రగిరి కోట దాకా. 1950లలో వచ్చిన సోవియట్ 130 మి.మీ. శతఘ్ని ఎం-46 గుండు సుమారు 27 కి.మీ. పోతుంది కాని శ్రీకాళహస్తిని అందుకోలేదు. అదే ఎం-46కు మన దేశంలో 155 మి.మీ. గొట్టం బిగించి 'సారంగ్'గా మార్చాక దాని పరిధి 36 కి.మీ. దాటింది, శ్రీకాళహస్తి వృత్తంలోకి వచ్చింది. అయితే ఈ వృత్తం సగం నిజమే చెబుతుంది. శతఘ్నిని పోరు రేఖ మీదనే నిలబెట్టరు. దాని పరిధిలో దాదాపు మూడోవంతు దూరం వెనక్కి ఉంచుతారు. ఆ లెక్కన డి-1 సిబ్బంది శత్రువుకు నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉండాలి. ఉక్రెయిన్‌లో పేలుడు పదార్థంతో వచ్చే చిన్న డ్రోన్లు పది కిలోమీటర్లు దాటి వేటాడుతున్న రోజులివి. పరిధి తక్కువైన గన్నుకు కష్టమంతా అక్కడే ఉంది.

ఆ తర్వాత మందుగుండు గురించి విచారించండి. నా దృష్టిలో సగం తీర్పు ఇక్కడే తేలిపోతుంది. 1999 కార్గిల్ యుద్ధంలో మన శతఘ్ని దళం వాడిన గుండ్లు, రాకెట్లు దాదాపు రెండున్నర లక్షలు. ఈ స్థాయిలో ఖర్చయ్యే సరుకును ఎవరు తయారుచేస్తున్నారు, ఏ వ్యాసంలో (అంటే ఎన్ని మి.మీ. గొట్టానికి సరిపోయేలా) తయారుచేస్తున్నారు అన్నవి గన్ను ఎంత గొప్పదన్నదానికంటే ముఖ్యం. ఎం-46 గొట్టాన్ని మార్చడానికి పరిధి ఒక్కటే కారణం కాదు. సైన్యం అంతటా 155 మి.మీ. గుండ్లు ఒకే వరుసలో అందాలన్నది మరో కారణం. 2022 తర్వాత ఉక్రెయిన్‌కు పాశ్చాత్య దేశాలు 155 మి.మీ. గన్నులు ఇవ్వవలసి రావడానికి సోవియట్ వ్యాసాల గుండ్ల కొరత ఒక ముఖ్య కారణం.

గుండ్లు నిల్వ ఉన్నాయంటే సరిపోదు, అవి ఎలా నిల్వ ఉన్నాయో కూడా అడగాలి. గుండును నెట్టే మందు ఏళ్లు గడిచేకొద్దీ రసాయనికంగా క్షీణిస్తుంది, ఎండవేడిమి ఆ క్షీణతను తొందర చేస్తుంది. అమెరికా గురిపట్టికలను (ఎంత దూరానికి గొట్టాన్ని ఎంత ఎత్తాలో చెప్పే పట్టికలను) మందు 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందనుకుని తయారుచేస్తారు; రోహిణి కార్తెలో మన రాయలసీమ ఎండకు కాగిన మందు గుండును అంతకంటే వేగంగా నెడుతుంది కాబట్టి, సవరించకపోతే గుండు లక్ష్యం దాటి పడుతుంది.

గురి విషయంలో గాలినీ లెక్కించాలి. తిరుపతి, చిత్తూరుల మధ్య గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల బెలూన్లు ఎగరేసి పైగాలులను కొలవడం మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. అక్కడి పని పూర్తిగా విజ్ఞానశాస్త్రానికి సంబంధించినదే అయినా, శతఘ్ని దళాలు కూడా ఇలాంటి బెలూన్లతోనే గాలి వేగాన్నీ ఉష్ణోగ్రతనూ తెలుసుకుని గురి సవరిస్తాయి. అరిగిన గొట్టం నుంచి గుండు తక్కువ వేగంతో, ఒక్కొక్కసారి ఒక్కో తీరుగా వెళుతుంది. అందుచేత గొట్టం ఎన్ని గుండ్లు పేల్చిందో తెలియకుండా కచ్చితత్వం గురించి మాట్లాడకండి. కొత్త గుండు కొనకుండానే పాత గుండు ముక్కుకు మార్గదర్శక ఫ్యూజు (గుండును పేలుస్తూనే దాని దారినీ సరిచేసే పరికరం) బిగించి, గురి తప్పే దూరాన్ని 50 మీటర్లలోపుకు తగ్గించే వీలు కూడా ఇప్పుడుంది.

ఇక లక్ష్యాన్ని చూసేదెవరో తెలుసుకోండి. ఎల్-70 మొదటి నుంచీ నిమిషానికి రెండు వందలకు పైగా 40 మి.మీ. గుండ్లు పేల్చగలదు. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ దానికి పగలూ రాత్రీ చూడగల పరికరాలనూ, లక్ష్యాన్ని తనంతట తాను వెంబడించే ఏర్పాటునూ అమర్చాకే చిన్న డ్రోను దాని గురిలో నిలిచింది. శత్రువుకూ చూపు ఉంటుందని మరవకూడదు. మన స్వాతి రాడార్ లాంటివి గాలిలోని గుండు దారిని పట్టి, అది బయలుదేరిన చోటును వెనక్కి లెక్కగడతాయి. అప్పుడు ఏడున్నర టన్నులకు పైబడిన ఎం-46ను మడిచి, లారీకి తగిలించి లాక్కుపోవడానికి పట్టే ప్రతి నిమిషమూ సిబ్బందికి ప్రాణసంకటమే. కొద్దిదూరం సొంత ఇంజనుతో కదలగల 155 మి.మీ. బోఫోర్స్ శతఘ్నికి ఈ విషయంలో కొంత నయం.

తీర్పు రాసేటప్పుడు 'పనికొస్తుంది' అని ఒక్క మాటతో వదిలేయకుండా, ఏ పనికి, ఎలాంటి శత్రువు మీద అన్నది కూడా చేర్చండి. రాడార్లు, డ్రోన్లు లేని ప్రత్యర్థి ఎదుట, గుండ్లు అందుతున్నంతకాలం ఎం-46 నేటికీ భయంకరమైన ఆయుధమే. ఎల్-70 అయితే నాలుగు కిలోమీటర్ల లోపు తక్కువ ఎత్తున వచ్చే డ్రోన్లను కూలుస్తుంది. చాలా ఎత్తు నుంచి, దూరం నుంచి బాంబు జారవిడిచే విమానాన్ని అది ఏమీ చేయలేదు.