బెడ్‌రూమ్ ప్లగ్ పాయింట్లు: గోడకి గాడి కొట్టకముందే తేల్చుకోవాల్సినవి

మా నాన్నగారి పాత ఇంట్లో ఒక పడకగది బాగుచేయిస్తున్నప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి "ప్లగ్గులు ఎక్కడెక్కడ కావాలి సార్" అని అడిగాడు. నేను ఖాళీ గోడల వైపు ఓ నిమిషం చూసి, ఇక్కడొకటి, అక్కడొకటి అని వేలు చూపించేశాను. రంగులన్నీ అయ్యాక మంచం వేసే రోజున మా అమ్మ వచ్చి "ఉత్తరం వైపు తలపెట్టి పడుకుంటారట్రా ఎవరైనా" అని మంచం తిప్పించేసింది. దాంతో మంచం పక్కన అనుకున్న రెండు బోర్డులూ కాళ్ల వైపు గోడకి పోయాయి, టీవీ పాయింటు తలగడల మీదికొచ్చింది, టేబుల్ కోసం పెట్టించిన ప్లగ్గేమో నైరుతి మూలకి జరిగిన బీరువా వెనక మాయమైంది. ఇప్పటికీ ఆ గదిలో దోమల మందు మిషన్ కోసం ఎక్స్‌టెన్షన్ బాక్సు మంచం కింద పాకుతూనే ఉంటుంది. రెండో గది చేయించేటప్పటికి కొంచెం బుద్ధొచ్చింది, ఆ లెక్క ఇక్కడ రాస్తున్నా.

మొదటి పని సామాన్లు ఎక్కడ పెడతారో ఖాయం చేసుకోవడం. మంచం, బీరువా, కబోర్డు, డ్రెస్సింగ్ టేబులు, పని చేసుకునే బల్ల, ఏసీ, టీవీ. వాస్తు మీరు నమ్మినా నమ్మకపోయినా ఇంట్లో నమ్మేవాళ్లు ఒక్కరున్నా చాలు, వాళ్లనీ అప్పుడే పిలిచి అడిగేయండి, గోడలో పైపులు పూడ్చాక అడిగితే లాభం లేదు. తర్వాత టేపు పట్టుకుని గది కొలిచి, సుద్దముక్కతో నేల మీద మంచం, బల్ల అసలు సైజులో గీసేయండి. కింగ్ సైజు మంచం అంటే పరుపు 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. క్వీన్ అయితే 5 అడుగుల వెడల్పు. హెడ్‌బోర్డు దానికంటే అటు రెండు ఇటు రెండు అంగుళాలు ఎక్కువే ఉంటుంది, ఈ రెండంగుళాల్ని అందరూ మర్చిపోతారు, తీరా చూస్తే స్విచ్ బోర్డులో సగం ఆ చెక్క వెనక్కి పోతుంది.

ఉదాహరణకి మా రెండో గదిలో తలవైపు గోడ 11 అడుగులు, అంటే 132 అంగుళాలు. మంచం మధ్యలో వేస్తే పరుపుకి అటూ ఇటూ 30 అంగుళాల చొప్పున మిగులుతుంది, హెడ్‌బోర్డు తీసేస్తే 28. ఆరు మాడ్యూళ్ల (స్విచ్‌లు, సాకెట్లు బిగించే గడులు) ప్లేటు వెడల్పు తొమ్మిది అంగుళాల లోపే ఉంటుంది కాబట్టి బోర్డు మధ్యభాగం మూల నుంచి 22 అంగుళాల దగ్గర పెట్టాం, హెడ్‌బోర్డుకి తగలకుండా ఒకటిన్నర అంగుళం ఖాళీ వచ్చింది. ఎత్తు సంగతికొస్తే పక్కన పెట్టే చిన్న టేబుల్ 20, 22 అంగుళాలు ఉంటుంది, బోర్డు అడుగు అంచు నేల నుంచి 26 అంగుళాలు ఉండేలా చూసుకుంటే చార్జర్ గుచ్చినా టేబుల్‌కి కొట్టుకోదు. ఇవి మా కొలతలు, మీ మంచం, మీ టేబుల్ మీరు కొలుచుకోండి. నేల మీద కొత్త టైల్స్ వేయిస్తుంటే ఎత్తులన్నీ టైల్స్ పైనుంచి లెక్కపెట్టాలి, పాత గచ్చు నుంచి కాదు.

మంచానికి రెండు వైపులా బోర్డు పెట్టించండి. ఒకవైపే పెట్టించి డబ్బు మిగుల్చుకుందామనుకుంటే భార్యాభర్తల్లో ఒకరి ఫోను రోజూ నేల మీదే పడుకుంటుంది. ఒక్కోవైపు కనీసం రెండు 6 యాంప్ సాకెట్లు ఉండాలి, ఒకటి ఫోనుకి, ఒకటి దోమల మిషన్‌కో బెడ్ ల్యాంపుకో. పెద్దవాళ్లుండే గదైతే మూడు పెట్టండి, నెబ్యులైజరో వేడినీళ్ల సంచీయో ఏదో ఒకటి రాకమానదు. సాకెట్లతో పాటు అక్కడే ఒక లైటుకి టూ వే స్విచ్ కావాలి, అంటే తలుపు దగ్గర వేసి పడుకున్నాక మంచం మీంచే ఆర్పుకునేది. దీనికి రెండు బోర్డుల మధ్య అదనంగా వైర్లు లాగాలి కాబట్టి గాడి కొట్టకముందే చెప్పాలి, తర్వాత అడిగితే "ఇప్పుడెలా అవుద్ది సార్" అంటారు, వాళ్ల తప్పూ లేదు. ఫ్యానుకీ ఇలాగే ఒక స్విచ్ పెట్టుకుంటే తెల్లవారుజామున చలేసినప్పుడు మంచం దిగక్కర్లేదు.

యూఎస్‌బీ సాకెట్లు గోడలో పెట్టించాలా అని చాలామంది అడుగుతారు. నా మటుకు నేను వద్దంటాను. చార్జర్ల పిన్నులు, వేగాలు కొన్నేళ్లకోసారి మారిపోతున్నాయి, గోడలో ఉన్నది పాడైతే ఆ మాడ్యూల్ మళ్లీ వెతికి కొనుక్కోవాలి. మామూలు సాకెట్ ఒకటి ఎక్కువ పెట్టించుకుంటే ఏ కాలంలో ఏ చార్జర్ వచ్చినా గుచ్చుకోవచ్చు.

తలుపు దగ్గర బోర్డు గురించి ఒక్క మాటే: తలుపు బందులున్న వైపు పెట్టనివ్వకండి. తలుపు తెరిస్తే బోర్డు దాని వెనక్కి పోతుంది, చీకట్లో లోపలికొచ్చి తలుపు మూసి స్విచ్ వెతుక్కోవడం ఏం బాగుంటుంది. గడియ ఉన్న వైపు, నాలుగడుగుల ఎత్తులో ఉంటే పిల్లలకీ పెద్దలకీ అందుతుంది. ఆ బోర్డులోనే కిందుగా ఒక 16 యాంప్ సాకెట్ వేయించుకోండి, ఇస్త్రీపెట్టెకి పనికొస్తుంది.

బల్ల మీద పని చేసుకునేవాళ్లు, అంటే ఇప్పుడు ఇంటి నుంచి ఆఫీసు పని అందరికీ అలవాటైంది కదా, బల్ల ఎత్తు 30 అంగుళాలు అనుకుంటే సాకెట్లు నేల నుంచి 36 అంగుళాల దగ్గర పెట్టించండి, బల్ల కింద పెట్టిస్తే రోజూ వంగి గుచ్చలేక చివరికి ఎక్స్‌టెన్షన్ బాక్సే దిక్కవుతుంది. నాలుగు సాకెట్లు తక్కువ కాకుండా. ల్యాప్‌టాప్, మానిటర్, ఫోను, ఇంకొకటి. నెట్ వైరు వేస్తే దానికి వేరే పైపు, కరెంటు వైర్లున్న పైపులో కలిపి తోసేస్తామంటే ఒప్పుకోవద్దు.

టీవీ వెనక పాయింట్లు టీవీ మాటున దాగాలి, కానీ వాటి స్విచ్‌లు చేతికందే చోట ఉండాలి, లేకపోతే ప్రతిసారీ టీవీ కిందకి చెయ్యి దూర్చాలి. టీవీ దగ్గర నుంచి కింద సెట్ టాప్ బాక్స్ పెట్టే చోటికి ఒక లావుపాటి ఖాళీ పైపు గోడలో వేసి, దాంట్లో ఒక బైండింగ్ వైరు లాగి వదిలేయండి. రేపు ఏ కేబుల్ కావాలన్నా దాంతో లాక్కోవచ్చు.

డ్రెస్సింగ్ టేబుల్ దగ్గర ఒక 16 యాంప్ పెట్టండి. 1200 వాట్ల హెయిర్ డ్రయ్యర్ అంటే ఐదు యాంపులు దాటుతుంది, 6 యాంప్ సాకెట్‌లో రోజూ వాడితే వదులై వేడెక్కుతుంది. కిటికీ పక్కన కూలర్ కోసం ఒకటి. ఏసీ ఉంది కదా కూలర్ ఎందుకంటారేమో, ఏసీ చెడిపోయేది మే నెలలోనే. స్నానాల గది పడకగదికి ఆనుకుని ఉంటే గీజర్ స్విచ్ బయటే, ఎర్ర లైటున్నది పెట్టుకోండి, ఆర్పడం మర్చిపోరు.

ఇక ఏసీ. దీని దగ్గర చాలామంది తొందరపడతారు. లోపలి యూనిట్ మూడడుగుల పొడవుంటుంది, పాయింటు దాని వెనక పడకుండా, యూనిట్ పక్కన ఏడడుగుల ఎత్తులో పెట్టాలి, యూనిట్‌తో వచ్చే పిన్ను వైరు పొట్టిగా ఉంటుంది కాబట్టి మరీ దూరం కూడా పోకూడదు. గాలి నేరుగా తల మీద కొట్టకుండా మంచం పక్కవైపు గోడకి ఉంటే మేలు. నీళ్లు పోయే పైపుకి వాలు కావాలి, రాగి పైపుకి గాడి కావాలి, ఈ రెండూ కరెంటు పనితో పాటే కొట్టించేస్తే ఏసీ బిగించేవాళ్లు వచ్చి కొత్త రంగు మీద సుత్తి వేయరు. ఏసీకి డీబీ (ఇంటి వైర్లన్నీ మొదలయ్యే డిస్ట్రిబ్యూషన్ బాక్సు) నుంచి విడిగా వైరు, విడిగా ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్) ఉండాలి, ఇంకే ప్లగ్గూ దాని మీద వేలాడకూడదు.

వైర్ల సైజు మీ ఎలక్ట్రీషియన్‌కి తెలుసు, అయినా మీరూ తెలుసుకుని ఉంటే మంచిది. లైట్లు, ఫ్యాను, 6 యాంప్ సాకెట్లకి ఒకటిన్నర వైరు, 16 యాంప్ సాకెట్లకి రెండున్నర, ఏసీకి నాలుగు. ఈ అంకెలు చదరపు మిల్లీమీటర్లు, షాపులో ఇలాగే అడుగుతారు. ఒక లైట్ సర్క్యూట్ (డీబీలో ఒకే ఎంసీబీ నుంచి వచ్చే లైను) మీద పది పాయింట్లు, 800 వాట్లు దాటనివ్వకపోవడం, ఒక పవర్ సర్క్యూట్ మీద రెండు 16 యాంప్ సాకెట్ల కంటే ఎక్కువ వేయకపోవడం పాతకాలం నుంచీ ఉన్న లెక్క. మన కరెంటు 230 వోల్టులు కాబట్టి వాట్లని 230తో భాగిస్తే యాంపులొస్తాయి: వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగుంపావు కంటే కాస్త ఎక్కువ, 2000 వాట్ల గీజర్ తొమ్మిదికి దగ్గర. ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి. మాటిమాటికీ పడిపోతోందని 16 తీసేసి 32 వేసేవాళ్లున్నారు, అప్పుడు ఎంసీబీ పడిపోదు, గోడలో వైరు కాలుతుంది. ఎవరైనా అలా చేయబోతే అక్కడే ఆపండి.

పాత ఇల్లయితే టెన్షన్ పెట్టేది ఎర్తింగ్, అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపే ఏర్పాటు. మూడు కన్నాల సాకెట్ ఉంటుంది, మూడో కన్నం ఒట్టి అలంకారానికే, వెనక ఏ వైరూ ఉండదు. మా ఇంట్లో ఏకంగా మూడు బోర్డుల్లో అదే పరిస్థితి. కొత్త సాకెట్లు బిగించేముందు డీబీ దాకా, అక్కడి నుంచి ఎర్త్ గుంత దాకా ఆకుపచ్చ వైరు నిజంగా వెళ్తోందా అని ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. పాత అల్యూమినియం వైరుంటే దానికి రాగి వైరు మెలేసి టేపు చుట్టేయడానికి ఒప్పుకోవద్దు, ఆ అతుకే ముందు వేడెక్కి పాడవుతుంది, ఈ గదికి డీబీ నుంచి కొత్త రాగి వైరే లాగించండి. డీబీలో 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ లేకపోతే ఇప్పుడే పెట్టించండి, మనిషికి షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆపేసేది అదే, ఎంసీబీకి ఆ సంగతే తెలియదు.

ఇన్వర్టర్ ఉంటే ఏ పాయింట్లు దాని మీద ఉండాలో ముందే రాసిచ్చేయండి: ఒక లైటు, ఫ్యాను, మంచం దగ్గర ఒక్కో సాకెట్, వైఫై రౌటర్ ప్లగ్గు. ఇన్వర్టర్ న్యూట్రల్‌ని (కరెంటు తిరిగెళ్లే వైరుని) మిగతా వాటితో కలిపేస్తే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది, ఆ కారణం తెలియక కొంతమంది ఆర్‌సీసీబీనే తీసేయిస్తారు. ఇన్వర్టర్ సాకెట్‌కి వేరే రంగు స్విచ్ వేస్తే దాంట్లో ఎవరూ ఇస్త్రీపెట్టె గుచ్చరు. కొత్తగా ఏసీ పెడుతున్నారంటే కరెంటు బిల్లు మీద మీ లోడు (ఇంటికి మంజూరైన కిలోవాట్లు) ఎంత రాసుందో చూసి, చాలకపోతే పెంచమని దరఖాస్తు పెట్టండి.

పాయింట్లన్నీ తేలాక గోడ మీద సుద్దతో బాక్సులు అసలు సైజులో గీయండి. గీశాక ఒక రాత్రి ఆగండి. నేల మీద గీసిన మంచంలో చాప వేసుకుని పడుకుని చెయ్యి చాపి చూడండి, నవ్వకండి, మా రెండో గదిలో రెండు బోర్డులు ఇలాగే జరిగాయి.

గాడి కొట్టేటప్పుడు దగ్గరుండండి. పైపు బాక్సు నుంచి నిటారుగా పైకో కిందకో పోవాలి, ఐమూలగా పోకూడదు. రేపు ఫోటో తగిలించడానికి డ్రిల్ పెట్టినప్పుడు పైపు ఎక్కడుందో ఊహించగలగాలి కదా. కాలమ్, బీమ్ జోలికి పోనివ్వద్దు. నాలుగున్నర అంగుళాల గోడకి అటు గదిలోనూ ఇటు గదిలోనూ ఒకే చోట బాక్సు పెడితే అక్కడ గోడే మిగలదు, ఒక అడుగు పక్కకి జరపండి. బాక్సులు రసమట్టంతో చూసి బిగించమనండి. తలవైపు చెక్క ప్యానెల్ వేసే ఉద్దేశం ఉంటే బాక్సు ఆ మందానికి తగ్గట్టు ముందుకి రావాలి, లేదంటే ప్లేటు చెక్కలో కూరుకుపోతుంది. గాడి పూడ్చేముందు దాని మీద కోళ్ల మెష్ కొట్టి సిమెంటు వేయించి, నాలుగు రోజులు నీళ్లు కొట్టండి, బీటలు రావు.

సిమెంటు పడకముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటోలు తీసుకోండి, పైపు మూల నుంచి ఎన్ని అంగుళాల్లో ఉందో కనబడాలి. వైర్లు సిమెంటు ఆరాక లాగాలి, స్విచ్‌లు రంగు మొదటి కోటు అయ్యాకే బిగించాలి.

చివర్లో ఎలక్ట్రీషియన్‌కి డబ్బులిచ్చేముందు ఒక టేబుల్ ల్యాంపు పట్టుకుని ప్రతి సాకెట్‌లో గుచ్చి చూడండి, ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడుతుందో లేదో చూడండి, ఒక్కో ఎంసీబీ ఆపి ఏది ఆరిపోతుందో రాసుకోండి. ఆ కాగితం డీబీ తలుపు లోపల అంటించేయండి. మా ఇంట్లో దాన్ని మా అమ్మ చేత్తోనే రాయించాం, "పెద్దగది ఏసీ", "గీజరు", "దోమల మిషను" అని. ఎంసీబీ పడితే ఇప్పుడు నాకు ఫోను రావడం లేదు.