అవ్వ బతుకును రాసి పెట్టుకోవాలంటే

మా అవ్వది చంద్రగిరి దగ్గర పల్లె. కిందటేడు కన్నుమూసింది. మంచాన పడే ముందురోజు కూడా తెల్లారుజామున నాలుగ్గంటలకే లేచి ఆవుకు గడ్డి వేసింది. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నాకు “చాలా మంచిది, కష్టజీవి” తప్ప ఇంకో మాట రాలేదు. అవి ఎవరి అవ్వకైనా సరిపోతాయి. అందుకే చెప్తున్నాను, ఎలాంటిదో తర్వాత, ఏమేం చేసిందో ముందు రాయండి.

వయసు తేల్చుకోడానికి ఆధార్‌ను నమ్ముకోవద్దు. మా అవ్వకు అందులో 1950 జనవరి 1 వేశారు. “కొండకు రోడ్డు పడిన ఏడు నేను మాయమ్మ చంకలో ఉన్నానంట” అనేది ఆమె. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. పెళ్లేమో నయాపైసలు వచ్చిన కొత్తల్లో, అంటే 1957లోనో ఆ మరుసటేడో. అటక మీది బిందెలు, చెంబులు కూడా దించి చూడండి, పేరూ తేదీ కొట్టించి ఉంటారు. మా పెద్దత్త పుట్టిన ఏడాది మాకు ఇత్తడి బిందె మీదే దొరికింది.

ఇల్లు సర్దకముందే గోడలతో సహా అన్నీ ఫోటో తీయండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. అవ్వకు చదువు రాదు. పాల లెక్కంతా వంటింటి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీసేది. ఇంటికో వరుస, అరలీటరుకో గీత. వరుస మొదట్లో ఆ ఇంటి గుర్తు: టెంకాయ చెట్టున్న వాళ్లకు చిన్న చెట్టు, టైలరమ్మకు కత్తెర. డబ్బులు ముట్టగానే తడిగుడ్డతో తుడిచేసేది. పెద్దకర్మకు చుట్టాలొస్తారని మేము ఆ గోడకు సున్నం కొట్టించాం. ఒక్క ఫోటో లేదు. ఇప్పటికీ ఆ తలుపు వేసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

మీ అవ్వ ఉంటే మీరు అదృష్టవంతులు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే “నా బతుకులో ఏముందిరా చెప్పేదానికి” అని లేచిపోతుంది. చెనక్కాయలు ఒలిచేటప్పుడు పక్కన కూర్చుని మీరూ ఒలవండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోతుంది. ఆమెకు చెప్పే రికార్డ్ చేయండి. మొదట తేదీ, ఊరు మీ నోటితో చెప్పండి. ఇరవై నిమిషాలు చాలు. “నీ చిన్నతనం చెప్పు” అంటే కుదరదు. “మొదటి ఆవును ఎంతకు కొన్నావు, డబ్బు యాడిది?” అనండి, కథ దానంతటదే వస్తుంది.

మీ అవ్వ లేకపోతే ఆమెను ఎరిగిన ఇళ్లకు వెళ్లండి. నేను నోటు పుస్తకం పట్టుకుని మా అవ్వ చేతి పాలు తాగిన పదకొండు ఇళ్లు తిరిగాను. టైలరమ్మ ఇంట్లో నాకు తెలియని సంగతొకటి బయటపడింది: వాళ్లాయన పనిలేక ఉన్న ఆరు నెలలూ అవ్వ ఆ కత్తెర పక్కన గీతే గీయలేదట.