కెనడా వెళ్తున్న ఓరుగల్లు పిల్లలకు: సెప్టెంబరు ఆదివారం నడక సంగతి

సెప్టెంబరు ఇన్‌టేక్ పిల్లలు, అంటే ఆ నెలలో అక్కడి కాలేజీల్లో చేరేవాళ్ళు, ఆగస్టు చివర్లో హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల నుంచి వరసగా బయల్దేరతారు. సూట్‌కేసులో కుక్కర్ ఎక్కడ పెట్టాలి, సకినాలు విరగకుండా ఎట్లా సర్దాలి అని చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. దిగిన రెండు మూడు వారాలకే వచ్చే టెర్రీ ఫాక్స్ రన్ గురించి, అంటే క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేసే నడక గురించి మాత్రం ఎవరూ చెప్పరు. కొన్నేళ్ళు ఒంటారియోలో ఉండి తిరిగొచ్చినవాణ్ని కాబట్టి చెప్తున్నా: కొత్త ఊళ్ళో మనుషులు పరిచయం కావాలంటే ఇంతకంటే ఖర్చులేని దారి నాకు కనబడలేదు. బతుకమ్మకు ఎలాగూ వెళ్తారు, అక్కడ మనవాళ్ళే ఉంటారు. ఈ నడకలో పక్కింటి ముసలాయన, మీ బస్సు డ్రైవరు, మీ కాలేజీ లైబ్రరీలో పనిచేసే ఆవిడ కనిపిస్తారు.

ముందు ఆ పేరు ఎవరిదో తెలుసుకుని వెళ్ళండి, అక్కడ ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు. టెర్రీ ఫాక్స్ 1958లో విన్నిపెగ్‌లో పుట్టి, బ్రిటిష్ కొలంబియాలో పెరిగాడు. బాస్కెట్‌బాల్ పిచ్చి. 18 ఏళ్ళప్పుడు కుడి మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్ బయటపడి, 1977లో కాలు తీసేశారు. ఆస్పత్రిలో తనతోపాటు చికిత్స తీసుకుంటున్న చిన్నపిల్లల అవస్థ చూశాక, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయాలని దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తడానికి సిద్ధమయ్యాడు. 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్‌లో కృత్రిమ కాలిని అట్లాంటిక్ నీళ్ళలో ముంచి మొదలుపెట్టాడు. రోజుకు సగటున దాదాపు 38 కిలోమీటర్ల చొప్పున 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. కెనడాలో మనిషికి ఒక్క డాలరు ఇవ్వమన్నది ఆయన కోరిక. 1981 ఫిబ్రవరికల్లా 2.4 కోట్ల డాలర్లు దాటాయి, అంటే దాదాపు అప్పటి దేశ జనాభా అంత. అది చూసే పోయాడు, ఆ జూన్ 28న, 23 ఏళ్ళు నిండకుండానే. ఏటా ఆయన పేరు మీద పరుగు పెడదామని ముందుకొచ్చినవాడు ఫోర్ సీజన్స్ హోటళ్ళ వ్యవస్థాపకుడు ఇసడోర్ షార్ప్. ఆయన కూడా కొడుకును క్యాన్సర్‌కే పోగొట్టుకున్న తండ్రి. 1981 సెప్టెంబరు 13న జరిగిన మొదటి పరుగుకు 3 లక్షల మంది వచ్చారు.

పేరుకు రన్ అంటారు గానీ నడిచేవాళ్ళే ఎక్కువ. సైకిల్ మీద, వీల్‌చెయిర్‌లో, పిల్లల్ని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని, కుక్కను పట్టుకుని, ఎవరికి వీలైనట్టు వాళ్ళు వస్తారు. టైమ్ చూడరు, పోటీ లేదు, బహుమతి లేదు. ఎంట్రీ ఫీజు లేదు, ఇంత చందా తెస్తేనే రావాలన్న షరతూ లేదు. పరుగు పేరు చెప్పుకుని కంపెనీలు తమ సరుకు అమ్ముకోవడం టెర్రీకి ఇష్టం లేదు, ఆ నియమం ఇప్పటికీ నడుస్తోంది. మన దగ్గర 2కే రన్ అంటే ఫ్లెక్సీలో ఫొటో ఉన్న నాయకుడు వచ్చి జెండా ఊపేదాకా స్టేడియం గేటు దగ్గర ఎండలో నిలబడటమే సగం కార్యక్రమం. అక్కడ చెప్పిన టైముకు మొదలైపోతుంది. ఇండియన్ టైమ్ అనుకుని నింపాదిగా వెళ్తే బల్లలు సర్దేస్తుంటారు.

రిజిస్ట్రేషన్ టెర్రీ ఫాక్స్ ఫౌండేషన్ సైట్‌లో చేసుకోవచ్చు. మీ ఊరి పేరు కొడితే ఏ పార్కులో, ఎన్నింటికి అన్నది వస్తుంది. సాధారణంగా సెప్టెంబరు మధ్యలో ఒక ఆదివారం. ముందే చేసుకోకపోయినా నేరుగా వెళ్ళి అక్కడే పేరు రాయించుకోవచ్చు.

మనవాళ్ళకు టెన్షన్ అంతా చందా దగ్గరే. వినాయక చవితికి రసీదు బుక్కు పట్టుకుని గల్లీ గల్లీ తిరిగినవాళ్ళే అక్కడికి పోయాక ఒక్క డాలరు అడగడానికి నోరు పెగలదంటారు. అడగండి, అక్కడ అది తప్పు కాదు. కాకపోతే పద్ధతి వేరు. మన గణపతి చందాలో గుమ్మం ముందు పదిమంది నిలబడితే ఇవ్వక తప్పదు. అక్కడ ఒకసారి చెప్పి, ఫౌండేషన్ సైట్‌లో మీ పేరున ఉన్న పేజీ లింక్ పంపి ఊరుకోవాలి. ఇస్తే థాంక్స్, ఇవ్వకపోతే మళ్ళీ ఎత్తకూడదు. మీ క్లాసువాళ్ళను, ఇంటి ఓనరును, పార్ట్‌టైమ్ పనిచేసే షాపు మేనేజరును అడగొచ్చు. అయిదు డాలర్లిచ్చినా చిన్నచూపు చూడరు. వరంగల్‌లోని చుట్టాల వాట్సాప్ గ్రూపులో మాత్రం లింక్ పెట్టకండి. మీ ఫీజుకు అప్పుతెచ్చినవాళ్ళను డాలర్లలో చందా అడగడం బాగుండదు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. ఎవరైనా 'నీకే ఈ-ట్రాన్స్‌ఫర్ చేస్తా, నువ్వే కట్టెయ్' అంటే ఒప్పుకోకండి. మీ పేరున ఉన్న ఫౌండేషన్ పేజీలోనే వాళ్ళను కట్టమనండి. రసీదు వాళ్ళ పేరున వస్తుంది, మీ ఖాతాలో లెక్క తెలియని డబ్బు ఉండదు. మీరు సొంతంగా ఇచ్చినదానికి పన్ను రసీదు వస్తే దాచుకోండి. చదువుకునే ఏడాది పన్నే పడకపోతే అది వృథా కాదు, తర్వాతి 5 ఏళ్ళలో ఎప్పుడైనా చూపించుకోవచ్చు. వేరే ఎవరైనా క్యాన్సర్ పేరు చెప్పి మాల్ దగ్గర డబ్బా ఊపితే, ఆ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. తొమ్మిది అంకెలు, తర్వాత ఆర్ఆర్ (RR) అనే అక్షరాలు, ఆపైన నాలుగంకెలు ఉంటాయి. అక్కడి పన్నుల శాఖ కెనడా రెవెన్యూ ఏజెన్సీ సైట్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే నిజమో కాదో తెలిసిపోతుంది.

ఆ పొద్దున చలి ఉంటుంది. సెప్టెంబరే కదా అని టీ-షర్ట్ మీద పోతే తొమ్మిదింటికి పళ్ళు కొట్టుకుంటాయి, పదకొండుకు చెమట పోస్తుంది. అందుకే విప్పి నడుముకు కట్టుకునే స్వెటర్ ఒకటి వేసుకోండి. ఇక్కడ కొని దాచుకున్న కొత్త బూట్లు ఆరోజే తీయకండి. ఆదివారం పొద్దున బస్సులు తక్కువ, గంటకొకటి తిరిగే రూట్లూ ఉన్నాయి, ముందురోజు రాత్రే చూసుకోండి. భద్రకాళి బండ్ మీద రోజూ తిరిగినవాళ్ళకు దూరం లెక్కలోది కాదు. చాలా పార్కుల్లో ఒకటి నుంచి పది కిలోమీటర్ల దాకా రూటు పెడతారు, మధ్యలో ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు.

అసలు ముందుగా తెలుసుకుని పోవాల్సింది ఎర్ర చొక్కాల గురించి. క్యాన్సర్‌ను తట్టుకుని బతికినవాళ్ళు ఎర్ర టీ-షర్టులు వేసుకుని నడుస్తారు, వాళ్ళను టెర్రీ టీమ్ అంటారు. ఇది మనవాళ్ళకు మొదటిసారి కొంచెం గాభరాగానే ఉంటుంది. మన వైపు ఆ జబ్బు పేరే ఎత్తరు, 'పెద్ద రోగం' అంటారు, లేదా గొంతు తగ్గించి 'అదే' అంటారు. కాజీపేటలో రైలెక్కి రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి పోయి కీమో చేయించుకుని వచ్చి, చుట్టాలకు 'గ్యాస్ ట్రబుల్, హైదరాబాద్‌లో చూపించుకున్నం' అని చెప్పేవాళ్ళు ఎంతమందో. ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్ల ఉంటే మరీ దాచిపెడతారు. అది అంటుకునే జబ్బు కాదని తెలిసీ గ్లాసు వేరుగా పెట్టే ఇళ్ళున్నాయి. నా మట్టుకు నాకు ఈ దాపరికం జబ్బుకంటే తక్కువేం కాదనిపిస్తుంది, దానివల్లే చూపించుకోవడం ఆలస్యమవుతుంది.

అక్కడ ఎర్ర చొక్కా ఆవిడ మీతో మాట కలిపితే 'ఏ స్టేజ్, ఎట్లా వచ్చింది, సిగరెట్ తాగేవారా' అని అడగకండి. పసుపు, వేపాకు, గోమూత్రం వైద్యం అసలే చెప్పకండి. ఆవిడ చెప్తే వినండి, లేకపోతే వాతావరణం గురించి మాట్లాడండి, ఆ దేశంలో అది ఎప్పటికీ తరగని టాపిక్. 'మీరు ఎవరికోసం నడుస్తున్నారు' అని మిమ్మల్ని అడగడం మామూలే. చాలాచోట్ల పేరు రాసుకోవడానికి స్టిక్కర్లు కూడా ఇస్తారు. ఒకసారి మాతో వచ్చిన పరకాల కుర్రాడు మార్కర్ పట్టుకుని చాలాసేపు ఆలోచించి, వాళ్ళమ్మ పేరు తెలుగులో రాసి ఛాతీకి అంటించుకున్నాడు. ఆమె బీడీలు చుట్టి అతన్ని చదివించింది, అతను ఇంటర్‌లో ఉండగా గర్భాశయ క్యాన్సర్‌తో పోయింది. రూమ్‌లో కలిసి వండుకు తింటున్న మాకెవ్వరికీ ఆ సంగతి తెలియదు. బల్ల దగ్గర కూర్చున్న వాలంటీర్ ఆ పేరు ఎట్లా పలకాలో అడిగి, రెండుసార్లు తప్పుపలికి, మూడోసారి సరిగ్గా అంది. దారి పొడుగునా వాడు మాకు అమ్మ గురించి చెప్తూనే ఉన్నాడు.

మీకు చెప్పుకోవాలని లేకపోతే ఖాళీ స్టిక్కర్‌తో నడిచినా ఎవరూ ఏమీ అనరు.

నడవడం ఇష్టం లేనివాళ్ళు వాలంటీరుగా వెళ్ళొచ్చు. నీళ్ళిచ్చే చోట, మలుపు దగ్గర దారి చూపించడానికి, పేర్లు రాసుకోవడానికి మనుషులు కావాలి. జీతం లేని ఇలాంటి సేవ, స్టడీ పర్మిట్ మీద చదువుకునేవాళ్ళు చేసుకోగల పనిగంటల లెక్కలోకి రాదు. ఇంగ్లీష్ భయం పోవడానికి రెండు గంటలు నీళ్ళ బల్ల దగ్గర నిలబడటం ఏ కోచింగ్‌కూ తీసిపోదు. నిర్వాహకులతో నాలుగు రోజులు కలిసి పనిచేస్తే, ఉద్యోగానికి రిఫరెన్స్ అడిగినప్పుడు ఇవ్వడానికి ఒక పేరు కూడా దొరుకుతుంది.

అమెరికా, ఇంగ్లండ్ పోయేవాళ్ళకూ ఇలాంటివే ఉన్నాయి. అమెరికాలో రిలే ఫర్ లైఫ్. 1985లో గోర్డీ క్లాట్ అనే డాక్టరు టకోమాలో ఒక ట్రాక్ చుట్టూ 24 గంటలు తిరిగి దీన్ని మొదలుపెట్టాడు. అక్కడ మొదటి చుట్టు బతికి బయటపడ్డవాళ్ళది. ఇంగ్లండ్‌లో రేస్ ఫర్ లైఫ్. అది 1994 నుంచి ఆడవాళ్ళకే ఉండేది, 2019లో అందరికీ తెరిచారు. దానికి ఎంట్రీ ఫీజు ఉంటుంది, చూసుకుని కట్టండి.

భార్యాపిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. సెప్టెంబరు చివర్లో బళ్ళలో పిల్లలకు విడిగా టెర్రీ ఫాక్స్ పరుగు ఉంటుంది. ఒక టూనీ, అంటే రెండు డాలర్ల నాణెం, పంపమని బడినుంచి చీటీ వస్తుంది. ఇష్టమైతేనే ఇవ్వాలి, బలవంతం లేదు. కానీ పిల్లలకు అది వేసి రావడం సరదా. అక్కడ అంతా కార్డు మీదే నడుస్తుంది కాబట్టి ఇంట్లో నాణేలు ఉండవు. చీటీ వచ్చిన రోజే కిరాణా కొట్టులో చిల్లర మార్చి, బడి సంచీ ముందు జేబులో వేసెయ్యండి.