కారు ఫొటోలకు బయలుదేరే ముందు

బ్యాటరీ నిండుగా ఉందా, మెమరీ కార్డు కెమెరాలోనే ఉందా అన్నది ఇంట్లోనే చూసుకోండి. పాత ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించాకే కార్డును ఫార్మాట్ చేయండి. ఫైళ్లు రా (RAW, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) పద్ధతిలో ఉంచితే వెలుగు పొరపాట్లను తర్వాత కొంత సరిదిద్దుకోవచ్చు.

అసలు జాగ్రత్త ప్రతిబింబాల దగ్గర కావాలి. కారు పెయింటు అద్దం లాంటిది. మీరు తెల్ల చొక్కా వేసుకుంటే తలుపు మీద తెల్లటి మరక తేలుతుంది, అందుకే ముదురు రంగు బట్టలు వేసుకోండి. మీ వెనక ఏముందో కూడా తిరిగి చూడండి. కరెంటు స్తంభం బానెట్ మీద వంకరగీతలా పడుతుంది. లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్‌ను (మెరుపు తగ్గించే అద్దాన్ని) మెల్లగా తిప్పుతూ చూస్తే ముందు అద్దం మీది ఆకాశపు మెరుపు తగ్గి లోపలి స్టీరింగ్ బయటపడుతుంది. నాకు ఎంతో ఇష్టమైన క్షణం అది.

– మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ తీసుకెళ్లండి. పొడి దుమ్మును గట్టిగా రుద్దితే గీతలు పడతాయి.
– ముందు చక్రాన్ని, టైరు అంచు కాకుండా రిమ్ము కనబడేలా తిప్పించండి.
– మరీ దగ్గర నుంచి వైడ్ లెన్సుతో (ఎక్కువ వెడల్పు పట్టేదానితో) తీస్తే కారు ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి 50 నుంచి 85 మి.మీ. మధ్య లెన్సుతో ప్రయత్నించండి.
– మిట్టమధ్యాహ్నం వద్దు. సూర్యుడు అస్తమించిన తర్వాతి ఇరవై నిమిషాలు చాలా మంచివి.

కదిలే కారును, కెమెరాను దానితోపాటే తిప్పుతూ తీయాలంటే షట్టర్ వేగం 1/60 సెకను దగ్గర మొదలుపెట్టండి. రోడ్డు మధ్య మాత్రం నిలబడకండి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవారికి పక్క నుంచి వచ్చే బండి కనబడదు. తోడుగా ఒకరిని తప్పక తీసుకెళ్లండి.