ఏడాస్ కారుతో సంక్రాంతికి వస్తున్నారా? ఇవి చదివి బయల్దేరండి

ధనుర్మాసం మొదలైన వారంలోనే రావులపాలెం దగ్గర మా టింకరింగ్ షెడ్డుకి క్రేన్ ఒక ఎస్‌యూవీని ఈడ్చుకొచ్చింది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయనే లేదు. తణుకు దాటాక హైవే మీద, తెల్లవారుజాము చీకట్లో, వెనక లైటు లేకుండా ఆగి ఉన్న గడ్డి ట్రాక్టరు కిందకి బానెట్ మొత్తం దూరిపోయింది. ఎయిర్‌బ్యాగులు విచ్చుకోబట్టి మనుషులు దక్కారు. నడిపిన కుర్రాడు కాస్త తేరుకున్నాక అన్న మాట ఇదీ: "బీప్ వచ్చిందండి. బండే ఆగుతుందిలే అనుకున్నాను."

ఈ మాట మాకు కొత్త కాదు. ఏడాస్ అంటే కెమెరాతో, కొన్ని బండ్లలో రాడార్‌తో (రేడియో తరంగాలతో దూరం కొలిచేది) ముందున్నది చూసి డ్రైవర్ని బీప్‌తో హెచ్చరించి, అవసరమైతే తానే బ్రేకు వేసే ఏర్పాటు. ముందు భాగం నుజ్జయిన ఏడాస్ బండి ఏది వచ్చినా ఓనరు నోట ఇంచుమించు ఇదే వస్తోంది. అందుకే పండక్కి హైదరాబాదు బండ్లు, బెంగళూరు బండ్లు దిగకముందే రాస్తున్నాను.

సీటు బెల్టు, మందు, ఫోను సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి: బీప్ వచ్చాక బండి ఆగుతుందో లేదో అని చూడటం.

ఆటోమేటిక్ బ్రేకు మీ బదులు బ్రేకు వేయడానికి పెట్టింది కాదు. ముందు ఏదో ఉందనిపిస్తే మొదట మిమ్మల్ని హెచ్చరిస్తుంది. మీరు కదలకపోతే కొన్ని బండ్లు కొంచెం బ్రేకు పట్టి చూపిస్తాయి. ఇక గుద్దడం ఖాయం అని లెక్క తేలాకే గట్టిగా పట్టేస్తుంది. ముందే ఎందుకు పట్టదంటే, అలా పడితే ఆటోవాడు అడ్డం తిరిగిన ప్రతిసారీ బండి రోడ్డు మధ్యలో నిలబడిపోతుంది, వెనక బైకువాడు మీ డిక్కీలో ఉంటాడు. కాబట్టి అది కావాలనే ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యానికి మీ ఆలస్యం కూడా కలిస్తే ఇంకేముంది? గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 22 మీటర్లు పోతుంది. "చూద్దాం" అనుకునే లోపు ఆ 22 మీటర్లు అయిపోతాయి.

పనికిరాదని నేననడం లేదు. ముందున్న బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు ఈ బ్రేకు ఉన్న కార్లలో దాదాపు సగం తగ్గాయని అమెరికాలో బీమా కంపెనీల పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ లెక్క తేల్చింది. కానీ అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2022లో చేసిన పరీక్ష కూడా తెలుసుకోండి. ఆగి ఉన్న కారు మీదకి సుమారు 48 కిలోమీటర్ల వేగంతో వెళితే 20 సార్లలో 17 సార్లు గుద్దకుండా ఆగాయి. వేగం 64కి పెంచితే 20లో 6 సార్లే ఆగాయి. ఇక అడ్డంగా వచ్చే బండి ముందు ఒక్కసారి కూడా గుద్దకుండా ఆగలేదు. ఇదంతా అక్కడి సంగతి. మన హైవే మీద 64కి తగ్గించి నడిపేదెవరు?

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చాలా బండ్లలో మీరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, స్టీరింగ్ విసురుగా తిప్పినా, డ్రైవరు తెలిసే చేస్తున్నాడనుకుని సిస్టమ్ తప్పుకుంటుంది. కంగారులో కాలు పక్క పెడల్ మీద పడితే మిమ్మల్ని కాపాడేది ఏదీ ఉండదు. బీప్ వచ్చిందా, తొక్కండి బ్రేకు. అనవసరంగా తొక్కినా గుద్దడం కన్నా నయం.

బయల్దేరే ముందు

కెమెరా ముందు అద్దం పైభాగంలో, మిర్రర్ వెనక ఉంటుంది. రాడార్ ఉన్న బండిలో అది బంపరు మధ్యలోనో గ్రిల్ లోగో వెనకో ఉంటుంది. వాడపల్లిలోనో ఐనవిల్లిలోనో పూజ చేయించి బానెట్ మీంచి వేలాడేసిన బంతిపూల దండ సరిగ్గా రాడార్ ముందుకి వస్తుంది. పూజ అయ్యాక పక్కకి జరపండి, స్వామి ఏమీ అనుకోడు. అద్దం పైన దేవుడి పేరు స్టిక్కరు కెమెరాకి అడ్డం వస్తే తీసి వెనక అద్దానికి అంటించండి.

స్టీలు క్రాష్‌గార్డు వద్దు. అది మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. రాడార్ ముందు ఇనుప కడ్డీ పెట్టి, అది సరిగ్గా చూడటం లేదని మళ్లీ సర్వీస్ సెంటర్ మీద కేకలేస్తారు.

మా పనివాళ్ల గురించి కూడా చెప్పాలి. బంపరు సొట్ట పడితే పుట్టీ పెట్టి, రుద్ది, రంగు కొట్టి ఇచ్చేస్తారు. కంటికి కొత్తదానిలా ఉంటుంది. ఒక బండి బంపరు లోపలి వైపు చూస్తే రాడార్‌కి ఎదురుగా మందంగా పుట్టీ పొరలు కట్టి ఉంది, బ్రాకెట్టు ఒక పక్కకి వంగి ఉంది. రాడార్ చూపు రోడ్డు మీద కాదు, పక్కనున్న కొబ్బరి తోట మీద. అద్దం మార్చినా, బంపరు విప్పి బిగించినా, కాలిబ్రేషన్ (కెమెరా, రాడార్ చూపు సరిచేయడం) చేయించి కాగితం తీసుకోండి. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగలేదు కదా అంటారు. కొద్దిగా పక్కకి తిరిగిన రాడార్‌కి ప్రతిసారీ లైటు వెలగాలని లేదు.

హైవే మీద

ముందున్న బండిని బట్టి తానే వేగం పెంచి తగ్గించేది అడాప్టివ్ క్రూయిజ్. కదిలే బండిని వెంబడించడం దానికి తేలిక. ఆగి ఉన్నదాన్ని పట్టుకోవడం కష్టం. సైన్‌బోర్డులు, వంతెన గోడలు, రెయిలింగులు అన్నీ రాడార్‌కి ఆగి ఉన్న వస్తువులే. అన్నిటికీ బ్రేకు వేస్తే ప్రయాణం సాగదు కాబట్టి మంచి వేగంలో ఉన్నప్పుడు అలాంటివి చాలావరకు వదిలేస్తుంది. మీ ముందున్న బస్సు చివరి క్షణంలో పక్కకి తప్పుకుని, దాని వెనక ఆగి ఉన్న లారీ బయటపడితే, క్రూయిజ్ "దారి ఖాళీ అయింది" అనుకుని వేగం పెంచినా పెంచుతుంది. అందుకే బీప్ కోసం చూడకండి. బీప్ రాకపోవచ్చు కూడా.

గడ్డి ట్రాక్టరు సంగతి ఇంకా ఘోరం. లైట్లు, నంబరు ప్లేటు, చక్రాలు అన్నీ గడ్డి కింద ఉంటాయి. కెమెరా నేర్చుకున్న బండి ఆకారం అక్కడ కనపడదు. దానికి పొగమంచు తోడైతే కెమెరా ఉన్నా లేనట్టే. జొన్నాడ, సిద్ధాంతం వంతెనల దగ్గర నది మీది మంచు ఎంత దట్టంగా ఉంటుందో తెల్లవారుజామున వచ్చినవాళ్లకి తెలుసు. అప్పుడు క్రూయిజ్ ఆపేయండి.

ఇక హైవే దిగి కాలవ గట్టు రోడ్డు ఎక్కాక

ఇక్కడ అసలు ప్రమాదం వేరు. ఈ సిస్టమ్ వెతికేది ఎదురుగా ఉన్న వస్తువుని. కాలవ వస్తువు కాదు, ఖాళీ. రోడ్డు అంచు తెగిపోయి కింద నీళ్లున్నా, లాకుల దగ్గర మలుపులో పిట్టగోడ లేకపోయినా, గుద్దడానికి ఏమీ లేదు కాబట్టి బీప్ లేదు, బ్రేకు లేదు. పైగా ఇప్పుడు దాళ్వాకి (రెండో పంట వరికి) నీళ్లు వదిలి ఉంటారు, కాలవలు నిండుగా ఉంటాయి. తెల్ల గీత లేని రోడ్డు మీద, బండిని గీతల మధ్య ఉంచే లేన్ అసిస్ట్ దేన్ని పట్టుకుని నడుస్తుందో మీకూ తెలియదు, దానికీ తెలియదు. ఆ బటన్ నొక్కి ఆపేయండి. ఆటోమేటిక్ బ్రేకు మాత్రం ఆపకండి. రెండూ ఒకటే అనుకుని అన్నీ కలిపి ఆపేసేవాళ్లున్నారు.

గట్టు మీద డ్రైవరు వైపు అద్దం దించి ఉంచండి, బండి కాలవలో పడితే బయటికి రావడానికి.

రోడ్డు సగం ధాన్యం ఆరబోసి, బరకం అంచున రాళ్లు పేర్చి ఉంటారు. ఆ రాళ్లకి బ్రేకు పడుతుందని ఆశ పెట్టుకోకండి. లేన్ అసిస్ట్ ఆపకపోతే, గీత ఉన్న చోట ఇండికేటర్ వేయకుండా పక్కకి తిప్పినప్పుడు అది స్టీరింగ్‌ని మళ్లీ ధాన్యం మీదకే లాగొచ్చు.

భోగి తెల్లవారుజామున ఊళ్లోకి కారు తేకండి. వీధి మధ్యలో మంటలు, చుట్టూ పిల్లలు, గడప గడపకీ ముగ్గులేస్తూ కూర్చున్న ఆడవాళ్లు. కెమెరాకి పరీక్ష పెట్టేది నిలబడి నడిచే బొమ్మతో, వంగి చుక్కలు పెట్టే మనిషితో కాదు. చీకట్లో నడిచే మనుషుల విషయంలో ఈ బ్రేకు దాదాపు పనిచేయలేదని ట్రిపుల్ ఏ 2019లోనే చెప్పింది.

బాతుల మంద రోడ్డు దాటుతుంటే ఆగండి. మీరే ఆపండి.

గేదె నల్లగా ఉంటుంది, రాత్రి నల్లగా ఉంటుంది. హై బీమ్ వేయండి, వేగం తగ్గించండి.

గట్టు దిగే అడ్డదారుల నుంచి ట్రాక్టరు హారన్ కొట్టకుండా వస్తుంది. అడ్డంగా వచ్చేదాని దగ్గర ఈ బ్రేకు పరీక్ష తప్పిందని పైన చదివారు కదా.

రొయ్యల వ్యాను వెనక దగ్గరగా వెళ్లకండి. నీళ్లు కారుతూ పోతుంది. తడి రోడ్డు మీద ఏ బ్రేకుకైనా ఎక్కువ దూరం కావాలి, కంప్యూటర్ వేసినా సరే.

బావగారికి డెమో చూపించకండి. అట్టపెట్టె పెట్టి, గడ్డివాము పెట్టి, "చూడండి, ఇప్పుడు దానంతటదే ఆగుతుంది" అని కాలు పైకెత్తేవాళ్లని చూశాను. ఆగితే ఆ తప్పు అలవాటుగా మారుతుంది. ఆగకపోతే నా దగ్గరికి వస్తుంది.

మేనల్లుడికి తాళం ఇచ్చేటప్పుడు కూడా ఇదే చెప్పండి: బీప్ వస్తే చూడొద్దు, తొక్కు.

కోడిపందేల బరి దగ్గర పార్కింగ్‌లో ఎవరైనా బంపరు తాకిస్తే, చిన్న గీతే కదా అని వదిలేయకండి. చూపించాకే హైవే ఎక్కండి. చూపించే తీరిక లేకపోతే క్రూయిజ్ వాడకండి.

తిరుగు ప్రయాణం కనుమ నాడు పెట్టుకోకండి. కాకైనా కదలదంటారు, మీకేం తొందర? మూడు రాత్రులు మేలుకున్న కళ్లతో, టోల్‌గేట్ క్యూలో క్రూయిజ్‌కి అప్పగించి కునుకు తీసేది అప్పుడే. ముక్కనుమ నాడు, మంచు విడిచాక బయల్దేరండి.