థాంక్స్‌గివింగ్ విందుకు ఆపిల్, క్రాన్‌బెర్రీ క్రంబ్ పై

అమెరికాలో నవంబరు నెల నాలుగవ గురువారం నాడు జరిగే థాంక్స్‌గివింగ్ విందు, వండిన వంటకాలు ఎన్ని ఉన్నా, చివర ‘పై’ (పిండి పొరలో పళ్ళు నింపి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) లేనిదే ముగియదు. 1863లో అబ్రహం లింకన్ ప్రకటనతో దేశమంతటికీ ఒకే రోజుగా మొదలై, 1941లో చట్టం ద్వారా నాలుగవ గురువారంగా స్థిరపడిన ఈ పండుగ, ఆపిల్ తోటల్లో కోతలు ముగిసి, క్రాన్‌బెర్రీలనే పుల్లని ఎర్రని చిన్న పళ్ళు బజారు నిండా ఉండే రోజుల్లోనే వస్తుంది. ఈ రెండు పళ్ళనూ కలిపి, అడుగున వెన్న కలిపిన మైదా పొర (క్రస్టు), మీద వేళ్ళకు తగలగానే రాలిపోయే పిండి, వెన్న, పంచదార పలుకులు (క్రంబ్) ఉంచి కాల్చే పైని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. తెలుగులో ‘పై’ అన్న మాటకు ‘మీద’ అన్న అర్థం కూడా ఉంది కనుక, తికమక లేకుండా ఆ అర్థం కావలసిన చోటల్లా ‘మీద’ అనే రాస్తాను.

ఈ వంటలో జరిగే పొరపాట్లు దాదాపు అన్నీ తడి దగ్గరే జరుగుతాయి. పళ్ళలోని రసం కిందికి దిగితే క్రస్టు నాని ముద్దవుతుంది. మీదికి పొంగితే క్రంబ్ తడిసి జావవుతుంది. కోసినప్పుడు పళ్ళెంలో పారితే ముక్క నిలబడదు. అందువల్ల రసాన్ని ముందే రాబట్టి, దగ్గరగా మరిగించి, మళ్ళీ పళ్ళలోకి చేర్చడమే ఇందులో అసలు పని. తక్కినదంతా ఓపికతో చేస్తే ఎవరికైనా కుదురుతుంది.

పండుగ రోజున ఓవెన్ ఖాళీగా ఉండదు కాబట్టి పనిని మూడు రోజులకు పంచుకోవడం మంచిది. మంగళవారం క్రస్టు పిండి కలిపి ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి, బుధవారం సాయంత్రం పైని కాల్చాలి, గురువారం కోయాలి. కాల్చిన రోజే కోయడం కన్నా మరునాడు కోయడమే మేలు. అందుకు కారణం తరువాత చెబుతాను.

క్రస్టుకు 160 గ్రాముల మైదా, 115 గ్రాముల ఉప్పు లేని వెన్న, అర టీ స్పూన్ ఉప్పు, ఒక టీ స్పూన్ పంచదార, మూడు నాలుగు టేబుల్ స్పూన్ల ఐసు నీళ్ళు కావాలి. ఇది 9 అంగుళాల పళ్ళేనికి సరిపోతుంది. మైదాను కప్పుతో కొలిస్తే నొక్కి నింపారా, వదులుగా నింపారా అన్నదాన్ని బట్టి బరువు చాలా మారుతుంది కనుక, చిన్న తూకం యంత్రం వాడమనే నా సలహా.

మన ఇళ్ళలో కజ్జికాయలు గుల్లగా రావాలంటే వేడి నెయ్యి పోసి పిండికి పట్టిస్తాం. ఇక్కడ పద్ధతి దానికి సరిగ్గా తలకిందులు. నెయ్యిలో నీరు ఉండదు. వెన్నలో సుమారు ఆరవ వంతు నీరు ఉంటుంది. చల్లటి వెన్న చిన్న చిన్న పలుకులుగా పిండిలో నిలిచి ఉంటే, ఓవెన్ వేడికి ఆ నీరు ఆవిరై పిండిని పొరలుగా విడదీస్తుంది. వెన్న ముందే కరిగి పిండిలో కలిసిపోతే పొరలకు చోటే ఉండదు. కాబట్టి వెన్నను శనగగింజంత ముక్కలుగా కోసి, పావుగంట ఫ్రీజర్‌లో ఉంచి, మైదా, ఉప్పు, పంచదార కలిపిన గిన్నెలో వేసి, వేళ్ళ కొసలతో మాత్రమే నలపాలి. అరచేతి వేడి తగలకూడదు. కొంత రవ్వలా, కొంత బఠాణీ గింజంత పలుకులుగా ఉన్నప్పుడే ఆపివేయాలి. తరువాత ఐసు నీళ్ళు ఒక్కొక్క స్పూన్ చొప్పున చిలకరిస్తూ, పిడికిట నొక్కితే ముద్ద కట్టేంతవరకే తడపాలి. చపాతీ పిండిలా మర్దన చేస్తే సాగే గుణం వచ్చి క్రస్టు గట్టిపడుతుంది, కాల్చేటప్పుడు అంచులు కిందికి జారిపోతాయి. ముద్దను మందపాటి బిళ్ళగా ఒత్తి, గాలి తగలకుండా చుట్టి, కనీసం ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచాలి. రెండు రోజులు ఉన్నా పాడవదు.

ఇక పళ్ళ విషయం. ఆపిల్ ఏ రకమన్నది ఇంత ముఖ్యమైన వంటకం మరొకటి లేదేమో. మెకిన్‌టాష్ వంటి మెత్తని రకాలు వేడికి కరిగి గుజ్జయిపోతాయి. సాస్‌కు అవి ఎంతో బాగుంటాయి కానీ పైకి పనికిరావు. 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియాలో పుట్టిన ఆకుపచ్చని గ్రానీ స్మిత్ పుల్లగా ఉండి, ఉడికినా ముక్క చెదరదు. అది ఒక్కటే వేస్తే రుచి ఒకే తీరుగా ఉంటుంది కనుక, సగం గ్రానీ స్మిత్, సగం హనీక్రిస్ప్ లేదా గోల్డెన్ డెలీషియస్ తీసుకోవడం నాకు నచ్చిన పాళ్ళు. మొత్తం 1.2 కిలోల పళ్ళు తీసుకుని, తొక్క, నడిమి గింజల భాగం తీసివేసి, పావు అంగుళం మందాన ముక్కలు కోయాలి. ముక్కలన్నీ ఒకే మందాన ఉండడం అవసరం. లేకపోతే పల్చనివి కరిగిపోయే వేళకు మందపువి పచ్చిగానే ఉంటాయి.

ఆ ముక్కల్లో 120 గ్రాముల పంచదార, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, ఒక టీ స్పూన్ దాల్చినచెక్క పొడి, చిటికెడు జాజికాయ పొడి, పావు టీ స్పూన్ ఉప్పు కలిపి ఒక గంట కదపకుండా ఉంచాలి. ఆవకాయకు కాకుండా మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు వేసి ఊట తీయడం గుర్తు తెచ్చుకుంటే ఇక్కడ జరిగేది తేలికగా అర్థమవుతుంది. అక్కడ ఉప్పు చేసే పనిని ఇక్కడ పంచదార చేస్తుంది. గంట తరువాత ముక్కలను చిల్లుల గిన్నెలో వేసి, కింద దిగిన ఊటను చిన్న గిన్నెలోకి పట్టి, రెండు టేబుల్ స్పూన్ల వెన్న చేర్చి, సన్నని మంట మీద సగం అయ్యేవరకు మరిగించాలి. అది లేతపాకంలా చిక్కబడుతుంది. దీనివల్ల మరొక లాభం కూడా ఉంది. ఊట వదిలిన ముక్కలు ముందే మెత్తబడి దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి, కాలిన తరువాత లోపల కుంగిపోయి క్రంబ్ కింద ఖాళీ ఏర్పడదు.

క్రాన్‌బెర్రీలు 150 గ్రాములు చాలు. మసాచుసెట్స్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో కోతల కాలంలో ఇవి పండే మళ్ళను నీటితో నింపుతారు. ప్రతి పండులోనూ గాలి గదులు ఉండడం వల్ల పళ్ళన్నీ నీటి మీదికి తేలి, మడి అంతా ఎర్రబడుతుంది. మన వాక్కాయకు ఉన్నంత పులుపు, అంతటి ఎరుపు వీటికీ ఉన్నాయి. అందుకే అమెరికాలోని తెలుగు ఇళ్ళలో శీతాకాలం వస్తే వీటితో పప్పు, పచ్చడి, పులిహోర కూడా చేస్తారు. రసాన్ని గడ్డకట్టించే పెక్టిన్ అనే పదార్థం దండిగా ఉండడం వల్ల ఇవి చిట్లినప్పుడు వచ్చే రసం తనంతట తానే జామ్‌లా గడ్డకడుతుంది. పళ్ళను కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, సగానికి కోసి, మరో 40 గ్రాముల పంచదారతో కలిపి ఆపిల్ ముక్కల్లో చేర్చాలి. ఫ్రీజర్‌లోవి అయితే కరగనివ్వకుండా, కోయకుండా అలాగే వేయవచ్చు. చివరగా మూడు టేబుల్ స్పూన్ల కార్న్‌స్టార్చ్ చల్లి ముక్కలన్నిటికీ పట్టించి, చల్లారిన పాకాన్ని పోసి కలపాలి. అమెరికాలో కార్న్‌స్టార్చ్ అని అమ్మే తెల్లని మెత్తటి పొడినే ఇండియాలో కార్న్‌ఫ్లోర్ అంటారు. రొట్టెలు చేసుకునే పసుపుపచ్చని మొక్కజొన్న పిండి వేరు. అది వేస్తే రసం సరిగా చిక్కబడదు.

క్రంబ్‌కు జర్మన్ వాళ్ళు వాడే మాట స్ట్రోయిజెల్. చల్లడం అనే అర్థం గల క్రియ నుంచి వచ్చింది. పేరుకు తగినట్టే దీనిని పరచకూడదు, చల్లాలి. 125 గ్రాముల మైదా, 100 గ్రాముల బ్రౌన్ షుగర్, అర టీ స్పూన్ దాల్చినచెక్క పొడి, పావు టీ స్పూన్ ఉప్పు కలిపి, అందులో 85 గ్రాముల చల్లటి వెన్నను నలపాలి. ఇక్కడ పొరలు అక్కర్లేదు కనుక, పొడి పిండి ఎక్కడా మిగలకుండా పూర్తిగా పట్టించాలి. జంతికల పిండికి వెన్న సరిపోయిందో లేదో పిడికిట పట్టి చూస్తాం కదా, ఇదీ అదే పరీక్ష: గట్టిగా పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేలితో తాకితే పెద్ద పెద్ద పలుకులుగా విరగాలి. సన్నని రవ్వలా ఉండిపోతే అది కాలినప్పుడు ఇసుకలా తగులుతుంది. మరింత కరకరలాడాలనుకుంటే 50 గ్రాముల అక్రోటు పలుకులు కలపవచ్చు. ఈ మిశ్రమాన్ని కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. వెచ్చగా ఉన్నది ఓవెన్‌లోకి వెళితే పలుకులు నిలవక పాకంలా పరుచుకుంటాయి.

క్రస్టు బిళ్ళను బయటకు తీసి, పది నిమిషాలు ఆగి, పొడి పిండి చల్లుకుంటూ అప్పడాల కర్రతో 12 అంగుళాల వెడల్పున వత్తాలి. దానిని కర్రకు చుట్టి పళ్ళెం మీద విప్పి, సాగదీయకుండా మూలల్లోకి దించాలి. అంచు దాటిన పిండిని లోపలికి మడిచి, కజ్జికాయ అంచు మడిచినట్టుగానే వేళ్ళతో మడతలు వేస్తే చూడడానికి అందంగా ఉంటుంది, రసాన్నీ ఆపుతుంది. ఆ పళ్ళేన్ని మరో అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఓవెన్‌ను 220 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 425 ఫారన్‌హీట్‌కు, వేడి చేస్తూ, కింది అరలో ఒక బరువైన ఇనుప ట్రేను కూడా కనీసం అరగంట వేడెక్కనివ్వాలి. చాలామంది క్రస్టును ముందుగా విడిగా కాల్చుకుంటారు. వేడెక్కిన ట్రే మీద పళ్ళేన్ని ఉంచితే అడుగు వెంటనే బిగుసుకుంటుంది కనుక ఆ శ్రమ లేకుండానే పని జరుగుతుందని నా అనుభవం. అయితే ఇందుకు లోహపు పళ్ళెమే వాడాలి. ఫ్రిజ్ నుంచి తీసిన గాజు పళ్ళేన్ని కాలే ట్రే మీద పెడితే పగిలిపోయే ప్రమాదం ఉంది.

పళ్ళ మిశ్రమాన్ని నింపి, ఖాళీలు లేకుండా చేత్తో సర్ది, క్రంబ్‌ను అంచుల నుంచి మొదలుపెట్టి నడిమికి చల్లుతూ రావాలి. నొక్కకూడదు. 20 నిమిషాల తరువాత వేడిని 190 డిగ్రీలకు, అంటే 375 ఫారన్‌హీట్‌కు, తగ్గించి మరో 45 నుంచి 55 నిమిషాలు కాల్చాలి. క్రంబ్ ముందే ముదురు రంగుకు తిరిగితే దాని మీద అల్యూమినియం ఫాయిల్‌ను వదులుగా కప్పాలి. రంగు చూసి పై అయిందనుకుని తీసేయడమే నేను ఎక్కువగా చూసిన పొరపాటు. అంచుల్లోనే కాకుండా నడిమిన కూడా రసం ఉడికి, బుడగలు చిక్కగా, నెమ్మదిగా చిట్లుతూ కనిపించాలి. కార్న్‌స్టార్చ్ పూర్తిగా చిక్కబడడానికి మరుగుకు దగ్గరైన వేడి అవసరం. అది నడిమికి చేరకుండా తీస్తే ఎంత చల్లార్చినా రసం నీళ్ళగానే ఉంటుంది.

తీసిన పైని జాలీ మీద ఉంచి కనీసం నాలుగు గంటలు ముట్టకూడదు. ఇల్లంతా వెన్న, దాల్చినచెక్క వాసనతో నిండినప్పుడు ఇది కష్టమే, కానీ వేడిగా ఉన్నంతసేపు రసం జారుడుగా ఉంటుంది, చల్లారేకొద్దీ కార్న్‌స్టార్చ్, పెక్టిన్ రెండూ బిగుసుకుంటాయి. రాత్రంతా ఆగితే ముక్క చాకు అంచున నిలువుగా తెగుతుంది. బుధవారం కాల్చి గురువారం కోయమన్నది ఇందుకే.

హైదరాబాదులోనో విశాఖలోనో క్రిస్మస్‌కు దీనిని చేయదలచుకున్నవారికి కొన్ని మార్పులు అవసరమవుతాయి. సిమ్లా, కాశ్మీరు నుంచి వచ్చే ఎర్రని డెలీషియస్ పళ్ళు తీపిగా, మెత్తగా ఉంటాయి కాబట్టి పంచదార 30 గ్రాములు తగ్గించి, నిమ్మరసం రెండింతలు చేసి, ముక్కలను కొంచెం మందంగా కోయాలి. గ్రానీ స్మిత్ దొరికితే సగమైనా అవి కలపడం మంచిది. తాజా క్రాన్‌బెర్రీల బదులు, వానాకాలంలో దొరికే వాక్కాయలను గింజలు తీసి ఫ్రీజర్‌లో దాచుకుని వాడితే పులుపు, రంగు, పెక్టిన్ మూడూ అందుతాయి. ఎండిన క్రాన్‌బెర్రీలు అప్పటికే పంచదార పట్టినవి, కాబట్టి 60 గ్రాములకు మించి వేయకూడదు. బ్రౌన్ షుగర్ లేకపోతే పొడి బెల్లం పొడి చక్కగా సరిపోతుంది. చిన్న ఓటీజీలో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పొయ్యి) మీద ఉండే వేడి కడ్డీ దగ్గరగా ఉంటుంది గనుక మొదటి 20 నిమిషాలు కింది కడ్డీని మాత్రమే వెలిగించి, ఆ తరువాతే రెండూ వేయాలి.

మిగిలిన పైని ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లోపు తినాలి. మళ్ళీ వేడి చేయడానికి మైక్రోవేవ్ వాడితే క్రంబ్ మెత్తబడిపోతుంది. 175 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట ఉంచితే మీద ఉన్న పలుకులు తిరిగి కరకరలాడతాయి, అప్పుడు పక్కన ఒక గరిటె వనిల్లా ఐస్‌క్రీమ్ వేసి వడ్డించవచ్చు.